సరంగుల సభలో ఒక శనివారం

జంతికల డబ్బా నా చేతిసంచీలో సర్దుతూ మా ఆవిడ అడిగింది, "ఇంతకీ ఆ సైబర్నెటిక్స్ వాళ్ళు ఏం చేస్తారండీ మీటింగులో?"

ఒక్క ముక్కలో చెప్పమంటే నాకూ కష్టమే. ముప్ఫై మూడేళ్ళు థర్మల్ ప్లాంటులో ఇన్‌స్ట్రుమెంటేషన్ చూసి రిటైరైనవాణ్ణి. ఫీడ్‌బ్యాక్ లూపుల మధ్యే జుట్టు నెరిసింది. అయినా సైబర్నెటిక్స్ అంటే ఏమిటని ఎవరైనా అడిగితే తడుముకుంటాను. "గోదావరి లాంచీలో సరంగు ఉంటాడు చూడు. లాంచీ ఎటు పోతోందో చూసి చుక్కాని తిప్పుతాడు, తిప్పాక ఎటు పోయిందో చూసి మళ్ళీ తిప్పుతాడు. గ్రీకు భాషలో సరంగుని ఏమంటారో దాంట్లోంచే ఈ పేరు పుట్టింది. మనిషైనా, మిషనైనా, ఊరైనా ఇలా చూసుకుంటూ దిద్దుకుంటూ ఎలా నడుస్తుందో ఆలోచించే వాళ్ళన్నమాట" అన్నాను.

"అయితే అందరూ సరంగులేనా? పడవ ఎవరు ఎక్కుతారు మరి?" అంది.

శనివారం మీటింగులో ఇదే ప్రశ్న నేను ఆవిడ పేరు చెప్పి మరీ అడిగాను. ఆ సంగతి తర్వాత.

మా అబ్బాయి ఉండేది ఇంగ్లండులోని రెడింగ్‌లో. ఇంగ్లీషులో రాసినదాన్ని మనం రీడింగ్ అని చదువుతాం కానీ పలకడం అలా కాదట. అక్కడి యూనివర్సిటీలో ఒకప్పుడు సైబర్నెటిక్స్‌కి ఏకంగా ఒక డిపార్ట్‌మెంటు ఉండేది. 1998లో కెవిన్ వార్విక్ అనే ప్రొఫెసరు తన చేతి చర్మం కింద చిప్పు పెట్టించుకుని, తాను నడిచొస్తుంటే తలుపులు వాటంతటవే తెరుచుకునేలా చేసుకున్నాడు. అప్పట్లో పేపర్లో చదివి మా షిఫ్టు వాళ్ళందరికీ చెప్పాను. "మన గేటు దగ్గర సెక్యూరిటీ అతనికి కూడా ఒకటి పెడితే బాగుణ్ణు సార్, నిద్రపోతే తెలుస్తుంది" అన్నాడు మా హెల్పరు.

మీటింగు శనివారం, నేను గురువారమే లండన్ బయల్దేరాను. క్వీన్ స్క్వేర్ చూడాలని ఎన్నాళ్ళ కోరికో. రెడింగ్‌లో ఎలిజబెత్ లైను ఎక్కి టోటెనమ్ కోర్ట్ రోడ్‌లో దిగితే అక్కణ్ణుంచి పావుగంట నడక. మధ్యలో చిన్న తోట, అందులో రాణి షార్లెట్ విగ్రహం, చుట్టూ ఆసుపత్రులు. నరాల జబ్బులకి పేరుపడ్డ నేషనల్ హాస్పిటల్ ఎర్ర ఇటుకల భవనం ఒక పక్కన ఉంటుంది. మెడలో కార్డులు వేలాడేసుకున్న నర్సులు తోటలో బెంచీల మీద కూచుని డబ్బాలు విప్పుకుంటున్నారు. మూలమీద 'క్వీన్స్ లార్డర్' అనే పబ్బు. ఆవిడ భర్త మూడో జార్జి రాజుగారికి మతి తప్పి ఈ చుట్టుపక్కలే వైద్యం జరుగుతున్నప్పుడు ఆయనకి ఇష్టమైన తినుబండారాలు రాణి ఆ ఇంటి నేలమాళిగలో దాచిపెట్టించేదని కథ. నిజమో కాదో గానీ, మొగుడి కోసం డబ్బాలు సర్దే ఆడవాళ్ళు అన్ని దేశాల్లోనూ ఉన్నారన్నమాట అనుకున్నాను.

నాకు కావలసింది వేరే నేలమాళిగ. 1949లో ఈ ఆసుపత్రిలో జాన్ బేట్స్ అనే డాక్టరు ఒక క్లబ్బు పెట్టాడు. పేరు రేషియో క్లబ్. నర్సుల హాస్టల్ కింద ఉన్న గదిలో కలిసేవాళ్ళు. మెదడు డాక్టర్లు, రాడార్ ఇంజనీర్లు, లెక్కల వాళ్ళు, జీవశాస్త్రం వాళ్ళు, అంతా కలిపి ఇరవై మంది దాకా. ఈ శాస్త్రానికి సైబర్నెటిక్స్ అని పేరు పెట్టిన నార్బర్ట్ వీనర్ పుస్తకం వచ్చింది 1948లో. ఆ పుస్తకం రాకముందే అలాంటి ఆలోచనలున్నవాళ్ళే మాకు కావాలన్నాడు బేట్స్. రెండో షరతు నాకు మరీ నచ్చింది: ప్రొఫెసర్లకి ప్రవేశం లేదు. పెద్దాయన గదిలో ఉంటే చిన్నవాడు నోరు విప్పడు కదా మరి. మొదటి సమావేశం 1949 సెప్టెంబరు 14న. మాట్లాడటానికి అమెరికా నుంచి మెదడు శాస్త్రవేత్త వారెన్ మెకల్లక్ వచ్చాడు. తర్వాత కంప్యూటరు శాస్త్రానికి ఆద్యుల్లో ఒకడైన ఏలన్ ట్యూరింగ్ కూడా సభ్యుడయ్యాడు. 1950 డిసెంబరులో ఆయన ఇక్కడ ఇచ్చిన ఉపన్యాసం కంప్యూటరుకి చదువు చెప్పడం గురించి. ఇప్పుడు మనవలు ఫోనుతో కబుర్లు చెబుతుంటే చూస్తున్నాం కదా, దాని గురించి నర్సుల హాస్టల్ కింద కూచుని మాట్లాడుకున్నారు డెబ్భై అయిదేళ్ళ కిందట.

ఆ గది ఎక్కడని లోపలికెళ్ళి అడిగాను. రిసెప్షన్ అమ్మాయి చాలా మర్యాదగా, "మీకు అపాయింట్‌మెంట్ ఏ డాక్టరు దగ్గర?" అంది. నరాల ఆసుపత్రికొచ్చి 1949 నాటి గది కావాలనే మనిషిని ఇంకేం అడుగుతుంది! థాంక్స్ చెప్పి బయటపడి బెంచీ మీద కూచున్నాను.

అక్కడ కూచుంటే గుర్తొచ్చింది మా కంట్రోల్ రూమే. నైట్ షిఫ్టులో రెండింటికి టీ వచ్చేది. ఇంజనీరు, బాయిలర్ ఆపరేటరు, టర్బైన్ ఆపరేటరు, హెల్పరు అందరం స్ట్రిప్ చార్టు చుట్టూ నిలబడి పెన్ను గీత చూస్తూ తాగేవాళ్ళం. పగలైతే పై ఆఫీసరు ఎస్.ఈ.గారి ముందు ఎవరూ కిక్కురుమనేవాళ్ళు కాదు. అర్ధరాత్రి మాత్రం, పదో తరగతి దాటని మా ఆపరేటరు అన్న మాటకే విలువ ఎక్కువ. ఒకసారి డ్రమ్ లెవెల్ లూపులో, అంటే బాయిలర్ డ్రమ్ములో నీటిమట్టాన్ని సరిచూసే ఏర్పాటులో, గెయిన్ (తేడా వస్తే ఎంత గట్టిగా స్పందించాలన్నది) నేను కాస్త ఎక్కువ పెంచేశాను. ఫీడ్ వాటర్ వాల్వు హంటింగ్ మొదలెట్టింది, ఇటు ఊగి అటు ఊగి, ప్రతిసారీ ముందటి కంటే ఎక్కువ. నేను కంగారుగా నాబ్‌లు తిప్పుతుంటే అతను నా చెయ్యి పట్టుకున్నాడు. "సార్, మాన్యువల్‌లో పెట్టేసి అయిదు నిమిషాలు దాన్ని ముట్టుకోకండి." పెట్టాను. అదే సర్దుకుంది.

శుక్రవారం సైన్స్ మ్యూజియం. టికెట్టు లేదు, కాళ్ళనొప్పులు మాత్రం ఉంటాయి. గణితం గ్యాలరీలో బిల్ ఫిలిప్స్ మిషను ఉంది. మనిషి కంటే ఎత్తు. పారదర్శకమైన ప్లాస్టిక్ తొట్లు, గొట్టాలు, వాల్వులు, గీతలు గీసే పెన్నులు. 1949లో ఈ న్యూజిలాండ్ ఆసామి దేశపు ఆర్థిక వ్యవస్థ మొత్తాన్ని నీళ్ళతో నడిపి చూపించాడు. పన్ను ఒక గొట్టం, పొదుపు ఒక తొట్టి. ప్రపంచమంతా దాన్ని ఆర్థికశాస్త్రం అంటుంది గానీ నాకు మాత్రం అది లెవెల్ కంట్రోల్ లూపే. గాజు పెట్టె ముందు అరగంట నిలబడ్డాను. కాపలా ఆయన రెండుసార్లు నావైపు అనుమానంగా చూశాడు.

ఇక శనివారం. ఒక వీధిలో చర్చి వాళ్ళు అద్దెకిచ్చే హాలు. కుర్చీలు గుండ్రంగా వేశారు. వేదికా లేదు, మైకూ లేదు, దండలూ శాలువాలూ అసలే లేవు. మన దగ్గర ఏ సభైనా ముఖ్య అతిథి వచ్చేదాకా మొదలవ్వదు. ఇక్కడ ముఖ్య అతిథే లేడు కాబట్టి టైముకి మొదలైంది. ఇరవై నలుగురం. నా ఎడమపక్క రైల్వే సిగ్నలింగులో పనిచేసి రిటైరైన పెద్దాయన, కుడిపక్క భార్యాభర్తల గొడవలు, పిల్లల సమస్యలు చూసే ఫ్యామిలీ థెరపిస్టు. ఎదురుగా మట్టిపాత్రలు చేసే ఆవిడ, ఆసుపత్రి వార్డు నడిపే నర్సు, ఆర్కిటెక్చర్ చదివే ఇద్దరు కుర్రాళ్ళు. థెరపిస్టు ఇక్కడెందుకు అని నాకూ మొదట వింతే. అమెరికాలో మేసీ ఫౌండేషన్ వాళ్ళు 1946 నుంచి 1953 దాకా పెట్టిన పది సైబర్నెటిక్స్ సమావేశాల్లోనే మానవశాస్త్రం వాళ్ళు, మానసిక వైద్యులు ఉన్నారని ఆవిడే చెప్పింది. మానవశాస్త్రవేత్త మార్గరెట్ మీడ్‌కి మొదటి సమావేశంలో పన్ను విరిగిందట, చర్చ వేడిలో అది అయిపోయేదాకా ఆవిడకి తెలియనే లేదట. నా జంతికలు అప్పటికి ఒక చుట్టు తిరిగాయి. సిగ్నలింగు పెద్దాయన ఒకటి కొరికి, "ఆ కథ ఇప్పుడు నమ్ముతున్నాను" అన్నాడు.

నన్ను పరిచయం చేసుకోమంటే ప్లాంటు గురించి చెప్పాను. మాది ఇండియా అనగానే ఒకాయన వీనర్ 1955-56లో కలకత్తా ఇండియన్ స్టాటిస్టికల్ ఇనిస్టిట్యూట్‌లో ఉండి పాఠాలు చెప్పిన సంగతి ఎత్తాడు. మా సి.ఆర్. రావుగారు దశాబ్దాలు పనిచేసింది అక్కడేనని నేను అందుకున్నాను. లెక్కల్లో మనవాళ్ళ పేరు చెప్పుకునే అవకాశం వస్తే వదులుకుంటామా!

తర్వాత గంటన్నర చర్చ నిజం చెప్పాలంటే విసుగే. మన మీటింగు ఎలా జరుగుతోంది, దాన్ని మనం ఎలా గమనిస్తున్నాం, గమనిస్తున్నవాళ్ళూ అందులో భాగమే కదా, ఇలా సాగింది. చూసేవాణ్ణి కూడా లెక్కలోకి తీసుకోవాలన్నది వీళ్ళ సిద్ధాంతంలో పెద్ద మలుపే, కాదనను. కానీ అద్దం తుడవడంలోనే పొద్దు గడిచిపోతే మొహం ఎప్పుడు కడుక్కోవడం? 1949 నాటి రేషియో క్లబ్బు వాళ్ళు మాటలతోపాటు వస్తువులు కూడా చేసుకొచ్చేవాళ్ళు. వాళ్ళలో ఒకడైన రాస్ ఆష్‌బీ గ్లాస్టర్‌లోని మానసిక చికిత్సాలయంలో పనిచేస్తూ 1948లో హోమియోస్టాట్ కట్టాడు. నాలుగు పెట్టెలు, ఒకదాన్ని కదిపితే మిగతావన్నీ కదులుతాయి. కుదురు తప్పితే తమంతట తామే వైరింగు సెట్టింగులు మార్చుకుంటూ మళ్ళీ కుదురుకునేదాకా వెతుక్కుంటాయి. నేను రాత్రుళ్ళు కూచుని చేసిన ట్యూనింగు తనకు తానే చేసుకునే మిషను!

చర్చ వేడెక్కింది. ఒకరు నియమాలు కావాలంటే ఇంకొకరు అసలు వద్దన్నారు, ఇటు ఊగి అటు ఊగి, ప్రతిసారీ ముందటి కంటే ఎక్కువ. నేను చెయ్యెత్తాను. మా ఆపరేటరు కథ చెప్పి, "ఈ లూపు హంటింగ్ చేస్తోంది. మాన్యువల్‌లో పెట్టి టీ తాగుదామా?" అన్నాను. ఒక్క క్షణం నిశ్శబ్దం. సిగ్నలింగు పెద్దాయన ముందుగా నవ్వాడు. అందరూ లేచారు.

టీ దగ్గర థెరపిస్టు నన్ను వదల్లేదు. డ్రమ్ములో ఇంకేం జరుగుతాయో చెప్పమంది. స్వెల్ గురించి చెప్పాను. స్టీము ఒక్కసారిగా ఎక్కువ లాగితే ప్రెషరు పడుతుంది, నీళ్ళలో బుడగలు ఉబ్బుతాయి, లెవెల్ పెరిగినట్టు కనిపిస్తుంది. నిజానికి లోపల నీళ్ళు తగ్గుతున్నాయి. కొత్తవాడు లెవెల్ చూసి నీళ్ళు కట్టేస్తాడు, కొంప మునుగుతుంది. ఆవిడ కప్పు కింద పెట్టి, "సరిగ్గా మంగళవారం నా దగ్గరికి వచ్చే కుటుంబం ఇదే. అరుపులు ఎక్కువైనప్పుడల్లా తండ్రి మాటలు కట్టేస్తాడు" అంది. నేను బాయిలర్లు తప్ప సంసారాలు బాగుచెయ్యగలనని ఎన్నడూ అనుకోలేదు. మా ఆవిడకి చెబితే నవ్వి చచ్చింది.

టీ అయ్యాక ఆర్కిటెక్చర్ కుర్రాడు బ్యాగులోంచి ఒక తాబేలు తీశాడు. అప్పుడు నా ప్రాణం లేచొచ్చింది. రేషియో క్లబ్బు సభ్యుడే గ్రే వాల్టర్, బ్రిస్టల్‌లో 1948-49లో ఎల్మర్, ఎల్సీ అని రెండు యాంత్రిక తాబేళ్ళు చేశాడు. రెండంటే రెండు రేడియో వాల్వులు, ఒక వెలుగు కన్ను, ఒక తాకిడి స్విచ్చి. వెలుగు వెతుక్కుంటూ తిరిగేవి, బ్యాటరీ తగ్గితే గూటికి చేరి ఛార్జి ఎక్కించుకునేవి. కుర్రాడిది దానికి మనవరాలు. పైన ప్లాస్టిక్ గిన్నె బోర్లించాడు, ముందు ఒక చిన్న దీపం.

అది కుర్చీల మధ్య నుంచి కిటికీ వైపు బయల్దేరింది. ఇరవై నలుగురం, సగటు వయసు అరవై పైనే, మోకాళ్ళు కూడదీసుకుని దారి ఇచ్చాం. నర్సు బ్యాగు పట్టీకి తగిలింది, వెనక్కి వచ్చింది, మళ్ళీ తగిలింది. మూడోసారికి ఆవిడ బ్యాగు పైకెత్తింది. "చూశారా, దాన్ని కదిపింది మనం కాదు, అదే మనల్ని కదిపింది" అన్నాడు ఎవరో. గ్రే వాల్టర్ తాబేలు తన దీపాన్ని అద్దంలో చూసుకుని తడబడుతూ, వెలుగుతూ ఆరుతూ, గంతులేసేదని చదివాను. మట్టిపాత్రలావిడ దగ్గర చేతి అద్దం తీసుకుని దాని ముందు పెట్టాం. దీపం ఆరింది, వెలిగింది. తాబేలు ఎడమకి ఒక అడుగు, కుడికి ఒక అడుగు. గంటన్నర మాట్లాడి తేల్చని "చూసేవాడూ చూడబడేవాడూ" సంగతి ఆ అరచేతి అద్దంలో అరనిమిషంలో కనిపించింది. మా ఆవిడ ప్రశ్న అప్పుడే అడిగాను, అందరూ సరంగులైతే పడవ ఎక్కేదెవరని. "మనం నేల మీద కూచుని చూస్తున్నాం కదా, ఎక్కేశాం" అంది నర్సు.

సాయంత్రానికి పన్నెండు మందిమి మిగిలాం. స్టాఫర్డ్ బీర్ అనే ఆయన సమావేశాలకి ఒక పద్ధతి కనిపెట్టాడు. ఇరవై ముఖాల ఆకారం తీసుకోండి. దానికి 12 మూలలు, 30 అంచులు. మూల ఒక చర్చాంశం, అంచు ఒక మనిషి. ప్రతి మనిషీ రెండు చర్చల్లో ఉంటాడు, ప్రతి చర్చలో అయిదుగురు. పైనెవరూ లేరు, కిందెవరూ లేరు, అయినా ఒక మూల మాట అన్ని మూలలకీ పాకుతుంది. మేం ముప్ఫై మందిమి లేం కాబట్టి ఎనిమిది ముఖాల ఆకారంతో సరిపెట్టుకున్నాం: 6 చర్చలు, 12 మంది. నాకు పడినవి ఆసుపత్రి వార్డు, తాగునీరు. ఒకదాంట్లో విన్నది రెండోదాంట్లో నా నోట్లోంచి వచ్చేయడం నాకే ఆశ్చర్యం.

రేషియో క్లబ్బు 1958తో ముగిసింది. సభ్యులు ఒక్కొక్కరే ప్రొఫెసర్లైపోయారు. తిరుగు రైల్లో అదే ఆలోచన. మా నైట్ షిఫ్టు టీ కూడా నేను ప్రమోషన్ మీద జనరల్ షిఫ్టుకి వెళ్ళాక నాకు తప్పిపోయింది.

ఇంటికొచ్చి మనవరాలికి ఆ ఆకారం చెబితే అర్థం కాలేదు. వంటింట్లో వడకని నానబెట్టిన శనగలు కనిపించాయి. పన్నెండు శనగలు, ముప్ఫై టూత్‌పిక్కులు. "తాతయ్యా, ఈ పుల్ల నువ్వు, ఆ పుల్ల నేను" అంటూ గుచ్చింది. రెండుసార్లు కూలింది. మూడోసారి నిలబడ్డా వేలు తగిలితే ఊగుతూనే ఉంది. అలాగే గట్టు మీద వదిలేసి పడుకున్నాం.

పొద్దున్న చూస్తే శనగలు ఎండి పుల్లల్ని బిగబట్టేశాయి. మా కోడలు దాన్ని ఒక్క వేలితో ఎత్తి, ఫ్రిజ్ మీద పెట్టి, కాఫీకి పాలు పొయ్యిమీద పెట్టింది. "మావయ్యగారూ, మరి వడకి పన్నెండు శనగలు తక్కువైనట్టేగా" అంది.