పై పంచమం కోసం పడ్డ పాట్లు: ట్రంపెట్లకు రాసిన నా అనుభవం

నిన్న రాత్రితో ప్రోగ్రాం అయిపోయింది. బాగా జరిగింది. నా కడుపుమంట మాత్రం ఇంకా చల్లారలేదు కాబట్టి ఆ వేడి మీదే రాసేస్తున్నాను.

విజయవాడలో ఒక సాంస్కృతిక సంస్థ వాళ్లు ఉగాదికి పాత సినిమా పాటల మెడ్లీ (ఒకదానిలోంచి ఒకటి సాగే పాటల మాల) పెట్టారు. ఈసారి ట్రాక్ వద్దు, అంతా లైవ్‌లోనే వాయించాలన్నారు. మూడు ట్రంపెట్లు, రెండు ట్రాంబోన్లు, ఒక ఆల్టో శాక్సోఫోన్, బ్యాండ్ మేళం నుంచి వచ్చిన రెండు క్లారినెట్లు. అరేంజ్‌మెంట్ నాది. పాటల ఎంపిక ఒక్క సాయంత్రంలో తేలిపోయింది. రిథమ్ వాళ్లతో పేచీ లేదు. ట్రాంబోన్ల వాళ్లు ఇచ్చింది ఇచ్చినట్టు ఊదారు, పాపం.

ట్రంపెట్ల దగ్గర మొదటినుంచీ ఒళ్లు దగ్గర పెట్టుకునే రాశాను. బీ ఫ్లాట్ ట్రంపెట్‌కి కాగితం మీద రాసే నోటు, వినపడే నోటు కంటే ఒక పూర్తి స్వరం పైన ఉంటుంది. పాట రెండు శ్రుతిలో, అంటే డి మేజర్‌లో ఉంటే వాళ్ల కాగితం మీద ఈ మేజర్ అవుతుంది. స్టాఫ్ (స్వరాలు రాసే ఐదు గీతలు) పైన రెండో అదనపు గీత మీద కూర్చునే 'హై సి' దాటకుండా రాయడం నా అలవాటు. అది కూడా రోజూ సాధన చేసేవాళ్లకే. రెండో పాటలో, చరణం ముగిసి పల్లవిలోకి వచ్చే మలుపులో ట్రంపెట్లు పై పంచమాన్ని, అంటే పై స్థాయి 'ప'ని, పట్టి నిలబెట్టాలి. కాగితం మీద అది బి. హై సి కంటే అర స్వరం కిందే. నాలుగు బార్లు (తాళపు గడులు) ఊదాక నాలుగు బార్లు విశ్రాంతి కూడా ఇచ్చాను. మొదటి రిహార్సల్‌లో ఆ చోటు వచ్చినప్పుడు టీ తెచ్చిన కుర్రాడు కూడా గ్లాసులు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

ఆ తర్వాత గాయకుడికి గొంతు పట్టేసింది. ఆయన బదులు ఒక గాయని వచ్చింది. ఆవిడది ఐదు శ్రుతి, అంటే జి. ఆవిడ తప్పేమీ లేదు, గొంతు ఎక్కడ పలికితే అక్కడే పాడాలి. తప్పంతా కోఆర్డినేటర్ది. ఆయన కీబోర్డు వాయిస్తాడు. బ్రాస్ (ట్రంపెట్లు, ట్రాంబోన్లు) పార్ట్‌లు మళ్లీ రాయాలి, రెండు రోజులు టైమ్ ఇవ్వండి అని నేను అంటే, "ట్రాన్స్‌పోజ్ బటన్ నొక్కితే పోయేదానికి రెండు రోజులెందుకండీ?" అన్నాడు. నాకు చెప్పకుండా నా ఫైల్ తెరిచి, మొత్తం డి నుంచి జి కి ఎక్కించి, ప్రింట్లు తీయించాడు. వాద్యం పరిధి దాటిన నోట్లు సాఫ్ట్‌వేర్‌లో రంగు మారతాయి. ఆ రంగేమిటని కూడా ఆయన అడగలేదు. బ్లాక్ అండ్ వైట్ ప్రింట్‌లో ఎలాగూ కనపడదు కదా!

జరిగిందేమిటో లెక్కలో చెబుతాను. డి లో పై పంచమం అంటే ట్రంపెటర్ పెదవులు సెకనుకు 880 సార్లు అదరాలి. జి లో పై పంచమానికి 1175 సార్లు. కాగితం మీద 'బి' కాస్తా హై సి దాటి, ఇంకా పైన 'ఈ' అయింది. ట్రంపెట్‌కి ఉన్నవి మూడే వాల్వులు (వేళ్లతో నొక్కే మీటలు). మిగతా పనంతా పెదవులది, గాలిది. కింది స్థాయిలో ఒకే వేళ్ల పట్టుకు వచ్చే స్వరాల మధ్య దూరం ఎక్కువ, కాబట్టి గురి తప్పదు. పైకి వెళ్లేకొద్దీ మెట్లు ఇరుకైపోయిన మేడలా ఉంటుంది. హై సి, దాని పైన 'డి', ఆ పైన 'ఈ', మూడూ ఏ వాల్వూ నొక్కకుండానే వస్తాయి. ఏ మెట్టు మీద కాలు పడుతుందో వేళ్లు చెప్పవు. వెంట్రుకవాసి తేడా వస్తే పక్క స్వరం పలుకుతుంది, లేదా నోటు చిట్లుతుంది.

చిట్లింది. తర్వాతి రిహార్సల్‌లో కమిటీ పెద్దలు, గాయని, ఆవిడ వెంట వచ్చినవాళ్లు, అందరూ కూర్చుని ఉండగా చిట్లింది. ఫస్ట్ ట్రంపెట్ మాస్టారు పోలీస్ బ్యాండ్‌లో రిటైరైన మనిషి. మళ్లీ ఎత్తుకున్నారు, మళ్లీ చిట్లింది. కోఆర్డినేటర్ ఒంటి వేలితో అదే నోటు కీబోర్డులో ట్రంపెట్ టోన్ పెట్టి వాయించి, "ఇదిగో, నాకు వస్తోంది కదా మాస్టారూ!" అన్నాడు. కొందరు నవ్వారు. మాస్టారు ఏమీ మాట్లాడలేదు. వాటర్ కీ నొక్కి, గొట్టంలోని తేమను నేల మీదికి ఊది, రుమాలుతో మౌత్‌పీస్ తుడుచుకున్నారు. పై పెదవి మీద మౌత్‌పీస్ అంచు ఎర్రగా గుండ్రంగా అచ్చుపడి ఉంది. కమిటీ పెద్ద నా వైపు తిరిగి, "రాసేటప్పుడే చూసుకోవాలి కదయ్యా, ఎవరికి ఎంత వస్తుందో" అన్నాడు. నేను రాయని నోటుకి నాకు చీవాట్లు! ఫైల్ ఎవరు మార్చారో నేను చెప్పేలోపు టిఫిన్లు వచ్చాయి, అందరూ లేచారు.

కోఆర్డినేటర్ అంతటితో ఆగాడా? ఫోన్‌లో వీడియో పెట్టి, "చూడండి, ఈ ఫారినర్ ఇంకో స్థాయి పైన ఊదుతున్నాడు" అన్నాడు. ఆ ఫారినర్ మేనార్డ్ ఫెర్గూసన్. కెనడాలో పుట్టి, పై స్వరాలకే ప్రపంచమంతా పేరు తెచ్చుకున్న మనిషి. 1960ల చివర్లో మన మదనపల్లె దగ్గర రిషి వ్యాలీ స్కూల్లో పిల్లలకు సంగీతం నేర్పాడన్న సంగతి ఈయనకు తెలిస్తేగా! అలాంటివాళ్లు తరానికి ఏ కొందరో ఉంటారు, వాళ్లను కొలబద్దగా పెట్టుకుని పార్ట్ రాయకూడదు. జాజ్ ట్రంపెటర్ లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ అంతటివాడికే పెదవులు దెబ్బతిన్నాయి. పెదవి కండరం చిరిగే ఆ బాధకు ఆయన ముద్దుపేరు మీదే 'సాచ్‌మో సిండ్రోమ్' అని పేరొచ్చింది.

ఆ రాత్రి మాస్టారి ఇంటికి వెళ్లాను. ఆయన ట్రంపెట్ తీయలేదు, పెదవికి వెన్న రాసుకుని కూర్చున్నారు. "బాబూ, పై నోటు ఒక్కటే అయితే భయం లేదు. దాని ముందు ఊపిరికి చోటుందా, అక్కడికి ఎక్కే దారి ఉందా, అది చూడు" అన్నారు. నాకు తెలియని సంగతి కాదు. కానీ పెదవి మీద ఆ అచ్చు చూస్తూ వింటే వేరుగా ఉంటుంది.

తెల్లారేసరికి తిరగరాశాను. మొదట ట్రంపెట్లను పై పంచమం నుంచి దించేశాను. మూడు ట్రంపెట్లకీ పై షడ్జమం, దాని కింద పంచమం, గాంధారం, దగ్గర దగ్గరగా పేర్చాను. పైన ఉన్నవాడి కాగితం మీద అది 'ఏ' స్వరం, మొదటి అదనపు గీత మీదే. ట్రంపెట్ అక్కడ ధగధగలాడుతుంది, మనిషికీ హాయి. వదిలేసిన పై పంచమాన్ని క్లారినెట్లకిచ్చాను, వాళ్లకది మంచినీళ్ల ప్రాయం. కింద మూడు ట్రంపెట్లు గట్టిగా పలుకుతుంటే పైన క్లారినెట్ ఉందని వినేవాడికి తెలియదు, ట్రంపెట్లే అంత ఎత్తుకెళ్లాయనుకుంటాడు. ఈ కిటుకు నాకు చేతకాకపోతే మెడ్లీ ఆ రోజే మూలపడేది, ఈ మాట చెప్పుకోవడానికి నాకేం మొహమాటం లేదు. పొడుగు వరసల్ని ఫస్ట్, సెకండ్ ట్రంపెట్లకు వంతులవారీగా పంచాను, ఒకరు ఊదుతుంటే ఇంకొకరి పెదవికి రక్తం ఆడుతుంది. ఫోర్టిస్సిమో (చాలా గట్టిగా ఊదమనే) గుర్తులు సగం కొట్టేశాను.

ముగింపు కార్డ్‌లో (అందరూ ఒకేసారి పలికించే స్వరాల గుత్తిలో) కూడా షడ్జమమే పెట్టాను. మాస్టారే ఫోన్ చేసి, "చివర్లో ఒక్కటి పైన ఇవ్వు బాబూ, కొడతాను" అన్నారు. రెండు బార్లు ఖాళీ వదిలి, స-రి-గ అని మెట్టు మెట్టుగా ఎక్కించి పై గాంధారం రాశాను. కాగితం మీద అది హై సి కంటే అర స్వరం పైన. పక్కనే బ్రాకెట్‌లో కింది షడ్జమం కూడా పెట్టాను, ఆ పూట పెదవి ఎలా ఉంటే అలా ఊదుకోవచ్చు. నిన్న రాత్రి ఆయన బ్రాకెట్ వైపు చూడలేదు. తెగ్గొట్టినట్టు పలికింది గాంధారం, హాల్లో ఈలలు.

ఎవరికైనా బ్రాస్ రాసేవాళ్లకు ఒక్కటే చెబుతాను: ఫైల్ ఇవ్వకండి, పీడీఎఫ్ ఇవ్వండి. సింగర్ శ్రుతి ఖాయమయ్యేదాకా అది కూడా ఇవ్వకండి. తిరగరాయడానికి వేరే రేటు ముందే మాట్లాడుకోండి. నేను అడిగితే, "బటన్ నొక్కడానికి డబ్బులేమిటండీ" అని ఇవాళ పొద్దున కోఆర్డినేటర్ మెసేజ్ పెట్టాడు. బిల్లు నేరుగా కమిటీ పెద్దకే పంపాను, పాత పార్ట్, కొత్త పార్ట్ రెండూ పక్కపక్కన పెట్టి.