పొదుపు ఎక్కడ, ప్రయోగం ఎక్కడ

ఏటా జనవరి వచ్చేసరికి మా కార్యాలయంలో ఐటీ బడ్జెట్ చర్చ మొదలవుతుంది. ఫైనాన్స్ విభాగం వారు నిరుటి ఖర్చుల పట్టిక ముందు పెట్టి పది శాతం తగ్గించమంటారు. వ్యాపార విభాగాల వారు అదే వారంలో కొత్త యాప్ కావాలని, ఏఐతో ఏదైనా చేసి చూపమని అడుగుతారు. హైదరాబాదులోని ఒక మధ్యతరహా సంస్థలో సర్వర్లు, క్లౌడ్ (ఇంటర్నెట్ ద్వారా అద్దెకు తీసుకునే కంప్యూటర్లు) ఖాతాల బాధ్యత చూస్తున్న నాకు ఈ రెండు కోరికలూ న్యాయంగానే కనిపిస్తాయి. చిక్కంతా పొదుపును ఎక్కడ చేయాలన్న దగ్గరే వస్తుంది.

మూడేళ్ల క్రితం మేము దాన్ని చేయకూడని చోట చేశాం. క్లౌడ్ బిల్లు పెరుగుతోందని, కొత్త సర్వర్ ఏది కావాలన్నా ముందస్తు అనుమతి తప్పనిసరి చేస్తూ ఒక ఫారం పెట్టాం. దాని మీద నలుగురు సంతకాలు చేయాలి. అకౌంట్స్ విభాగానికి రోజూ వచ్చే ఇన్‌వాయిస్‌లను ప్రోగ్రామే చదివి వివరాలు నమోదు చేసే పద్ధతిని ప్రయత్నిస్తానని మా బృందంలోని ఒక అమ్మాయి చిన్న సర్వర్ ఒకటి అడిగింది. నెలకు నాలుగు వేల రూపాయలు దాటని ఖర్చు అది. నాలుగో సంతకం పడేసరికి ఐదు వారాలు గడిచాయి. అప్పటికి ఆమెను వేరే ప్రాజెక్టుకు మార్చేశారు. అకౌంట్స్ వారు మరో ఏడాది పాటు ఆ ఇన్‌వాయిస్‌లను చూసి టైపు చేస్తూనే ఉన్నారు. ఆ ఫారం తయారు చేసిన వారిలో నేనూ ఒకడిని కనుక ఆ సంగతి గుర్తొస్తే ఇప్పటికీ బాధ కలుగుతుంది.

అసలు డబ్బు ఎటు పోతోందో చూద్దామని ఆ తర్వాత ఒక శనివారం కూర్చుని బిల్లు మొత్తం వరుస వరుసా చదివాను. టెస్టింగ్ కోసం పెట్టిన సర్వర్లు రాత్రింబవళ్లు నడుస్తున్నాయి. వారానికి 168 గంటలుంటే, మా వాళ్లు వాటిని వాడేది రోజుకు 12 గంటల చొప్పున ఐదు రోజులు, అంటే 60 గంటలు. మిగిలిన 108 గంటలు, దాదాపు 64 శాతం సమయం, ఎవరూ లేని గదిలో ఫ్యాను తిరుగుతున్నట్టు అవి ఊరికే తిరుగుతున్నాయి. ఎప్పుడో తీసేసిన సర్వర్ల తాలూకు డిస్కులు మాత్రం అలాగే ఉండిపోగా, వాటికి నెలనెలా అద్దె కడుతున్నాం. టెస్టింగ్ సర్వర్లను రాత్రికి ఆపి పొద్దున మళ్లీ మొదలుపెట్టే చిన్న ప్రోగ్రాము రాసి, ఆ డిస్కులను ఒక్కొక్కటిగా సరిచూసి తొలగించాం. ఎవరి పనీ ఆగలేదు.

అందుకే నా అభిప్రాయం ఇది: పొదుపు ఇప్పటికే నిలకడగా నడుస్తున్న వాటి మీద చేయాలి, ఇంకా మొలకెత్తని వాటి మీద కాదు. ఏ పని ఎంత భారం మోస్తుందో ముందే తెలిసినప్పుడే బేరం చేయగలం. డ్రాప్‌బాక్స్ సంస్థ ఈ లెక్క బాగా వేసింది. తొలి ఏళ్లలో అమెజాన్ క్లౌడ్‌ను వాడుకుని ఎదిగి, ఫైళ్లు దాచడమే తన వ్యాపారం కనుక, ఆ అవసరం ఎంతో స్పష్టమయ్యాక అత్యధిక భాగం డేటాను సొంత యంత్రాలకు తరలించుకుంది. దానివల్ల 2016, 2017 సంవత్సరాల్లో కలిపి సుమారు 7.5 కోట్ల డాలర్లు తగ్గాయని 2018లో షేర్ల జారీకి సమర్పించిన పత్రాల్లో చూపించింది. దాదాపు అదే కాలంలో నెట్‌ఫ్లిక్స్ ఎదురు దిశలో నడిచింది. 2008 ఆగస్టులో డేటాబేస్ పాడై మూడు రోజులు చందాదారులకు అద్దె డీవీడీలు పంపలేకపోయిన ఆ సంస్థ, 2016 జనవరి నాటికి తన వ్యవస్థలను అమెజాన్ క్లౌడ్‌కు మార్చుకోవడం పూర్తి చేసింది; భారతదేశంతో సహా 130 కొత్త దేశాల్లో ఒకేసారి సేవలు మొదలుపెట్టింది కూడా ఆ నెలలోనే. అయితే వీడియోను మాత్రం ఇంటర్నెట్ కంపెనీల దగ్గర ఉంచిన సొంత సర్వర్ల నుంచే పంపిస్తుంది. ఎప్పుడెంత కావాలో తెలియని పనికి అద్దె, ప్రతి సాయంత్రం తప్పని పనికి సొంతం. రెండు సంస్థలూ వేర్వేరు దారుల్లో వెళ్లినా, వేసుకున్న ప్రశ్న ఒక్కటే.

పాతవాటి మీద పొదుపు అంటే వాటిని పట్టించుకోకుండా వదిలేయడమని కొందరు అనుకుంటారు. అది ఎంత ప్రమాదమో అమెరికాలోని సౌత్‌వెస్ట్ ఎయిర్‌లైన్స్‌కు 2022 డిసెంబరులో తెలిసివచ్చింది. మంచు తుపాను వచ్చినప్పుడు మిగతా విమాన సంస్థలు కొద్ది రోజుల్లో కోలుకోగా, పైలట్లను, సిబ్బందిని విమానాలకు కేటాయించే సౌత్‌వెస్ట్ వ్యవస్థ ఆ మార్పుల తాకిడికి తట్టుకోలేకపోయింది. తాము ఎక్కడున్నామో చెప్పడానికి సిబ్బంది గంటల తరబడి ఫోన్లు పట్టుకుని కూర్చున్నారు. 16 వేలకు పైగా విమానాలు రద్దయ్యాయి. ఆ వ్యవస్థలను మెరుగుపరచాలని ఉద్యోగ సంఘాలు ఏళ్ల తరబడి చెబుతూనే వచ్చాయి. మరుసటి ఏడాది అమెరికా రవాణా శాఖ 14 కోట్ల డాలర్ల జరిమానా విధించింది. గోటితో పోయేది గొడ్డలి దాకా వచ్చిందన్నమాట.

మా దగ్గర ఇప్పుడు ఆ ఫారం లేదు. ప్రతి బృందమూ నెలకు పదిహేను వేల రూపాయల వరకు ఎవరినీ అడగకుండా ప్రయోగాలకు వాడుకోవచ్చు. కాకపోతే అలా పెట్టిన సర్వర్ 90 రోజుల తర్వాత తనంతట తానే ఆగిపోతుంది. కొనసాగించాలంటే దాన్ని నిజంగా ఎవరు వాడుతున్నారో చూపించాలి. పాతవాటిలో ఆదా అయిన సొమ్ములో సగం ఈ ప్రయోగాలకే ఉంచమని ఫైనాన్స్ వారిని ఒప్పించడానికి రెండు బడ్జెట్లు పట్టింది. రెండోసారి వాళ్ల ముందు పెట్టింది ఆ శనివారం చదివిన బిల్లే.

మిగిలిన సగంతో చేయవలసిన పని ఒకటుంది. మా జీతాల లెక్కలు ఇప్పటికీ విండోస్ సర్వర్ 2012 అనే పాత సాఫ్ట్‌వేర్ ఉన్న సర్వర్ మీద నడుస్తున్నాయి. ఆ సాఫ్ట్‌వేర్‌కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2023 అక్టోబరు 10తో ముగిసింది. అప్పటి నుంచి రుసుము కట్టి భద్రతా అప్‌డేట్లు తెచ్చుకుంటున్నాం, ఆ వెసులుబాటు కూడా 2026 అక్టోబరు వరకే. కొత్త బడ్జెట్ పట్టికలో మొదటి వరుసలో ఆ సర్వర్ పేరే రాశాను.