మా ల్యాబ్ జర్నల్ ఫీజు ఎటు పోయింది? స.హ. చట్టంతో నా అనుభవం

మా ఫీజు రసీదులో 'ల్యాబ్ జర్నల్' అని ఒక పద్దు ఉంటుంది. జర్నలిజం పీజీలో రెండేళ్లూ ఆ పద్దు కింద డబ్బు కట్టాం. ఒక్క సంచిక కూడా అచ్చు కాలేదు. ఆ డబ్బు ఏమైందో చెప్పమని సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టాను. కాగితాలు మొన్ననే చేతికొచ్చాయి. కోపం ఇంకా చల్లారలేదు, అందుకే ఆలస్యం చేయకుండా రాస్తున్నాను.

మాది తెలంగాణలో ఒక జిల్లా కేంద్రంలో ఉన్న రాష్ట్ర యూనివర్సిటీ. పేరు రాయను. పీజీ ప్రవేశ పరీక్ష సీపీగెట్ రాయడం, కౌన్సెలింగ్, సీటు రావడం అన్నీ సాఫీగానే జరిగాయి. ఫీజు రీయింబర్స్‌మెంట్‌కు (విద్యార్థి ఫీజును ప్రభుత్వం కట్టే పథకం) ఈపాస్ వెబ్‌సైట్‌లో అప్లై చేసి, మీసేవలో వేలిముద్ర వేసి, హార్డ్ కాపీలు కాలేజీలో ఇచ్చేదాకా కూడా చెప్పుకోవాల్సిన కష్టమేమీ లేదు.

మా దగ్గర జర్నలిజం సెల్ఫ్ ఫైనాన్స్ కోర్సు. ప్రభుత్వం ఇచ్చే బ్లాక్ గ్రాంటులో ఎక్కువ భాగం రెగ్యులర్ ఉద్యోగుల జీతాలకు, పెన్షన్లకే పోతుంది. ఇలాంటి కోర్సు నడవాలంటే విద్యార్థుల ఫీజే దిక్కు. మాకు రిపోర్టింగ్ చెప్పిన సార్, ఎడిటింగ్ చెప్పిన మేడమ్ ఇద్దరూ గెస్ట్ ఫ్యాకల్టీయే. పీరియడుకు ఇంత అని లెక్కగట్టి ఇస్తారు. సెలవులొస్తే ఆ నెల ఏమీ రాదు. వాళ్లకు ఇచ్చేది మా ఫీజులోంచే. కాబట్టి ఫీజు ఎందుకు తీసుకుంటున్నారని నేను ఎప్పుడూ అడగలేదు. రీయింబర్స్‌మెంట్ పోను మిగిలింది మా నాన్న పత్తి అమ్మిన డబ్బులోంచి కట్టారు. ఏ పద్దు కింద తీసుకున్నది ఆ పద్దుకే ఖర్చు పెట్టారా అన్నదొక్కటే నా ప్రశ్న.

ల్యాబ్ జర్నల్ అంటే తెలియనివాళ్ల కోసం ఒక మాట. విద్యార్థులే వార్తలు తెచ్చి, రాసి, దిద్ది, పేజీలు పెట్టి అచ్చు వేసే చిన్న పత్రిక అది. 1954లో మొదలైన ఉస్మానియా జర్నలిజం విభాగం నుంచి వచ్చిన 'ఉస్మానియా కొరియర్' అలాంటిదే. సైన్స్ వాళ్లకు ల్యాబ్ ఎలాగో మాకు ఇది అలాగ. ఉద్యోగానికి వెళ్తే "నీ బైలైన్ ఏది?" అని, అంటే నీ పేరుతో అచ్చయిన వార్త ఏదని అడుగుతారు. మా బ్యాచ్ దగ్గర చూపించడానికి ఏ4 కాగితాల మీద తీసిన ప్రింట్లు తప్ప ఏమీ లేవు.

దరఖాస్తు రాయడం తేలిక. తెల్లకాగితం మీద తెలుగులోనే రాశాను. పది రూపాయల పోస్టల్ ఆర్డర్ జత చేశాను. జర్నలిజం కోర్సు నుంచి పద్దులవారీగా వసూలైన మొత్తం, అందులో డిపార్ట్‌మెంట్‌కు విడుదలైన మొత్తం, ల్యాబ్ జర్నల్ ఇండెంట్ల (డబ్బు విడుదల చేయమని డిపార్ట్‌మెంట్ పెట్టే వినతుల) నకళ్లు, వాటిపై అధికారులు రాసిన నోట్ ఫైలు ఇవ్వండని అడిగాను. "ఎందుకు ఖర్చు పెట్టలేదు?" అని మాత్రం రాయలేదు. ఎందుకు అని అడిగితే అది సమాచారం కిందికి రాదని కొట్టేస్తారు. ఉన్న కాగితం నకలు అడిగితే తప్పించుకోవడం కష్టం.

ఇన్‌వార్డ్ కౌంటర్లో తీసుకున్నారు, ముద్ర వేశారు. అసలు సంగతి ఆ తర్వాత మొదలైంది.

నాలుగు రోజులకు ఆఫీసు నుంచి ఫోన్. "మీ అప్లికేషన్‌లో చిన్న క్లారిఫికేషన్ ఉంది, ఒకసారి రా అమ్మా." వెళ్లాను. గది నిండా బల్లలు, బల్లల నిండా ఫైళ్లు, ఎర్ర టేపులు. సీనియర్ అధికారి ఎదురుగా రెండు కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. కూర్చోమనలేదు. నా దరఖాస్తు తీసి గదిలో అందరికీ వినిపించేలా మొదటి నుంచి చివరిదాకా చదివాడు. ఒక్కో వాక్యం అయ్యాక ఆగి, పక్క బల్లల వైపు చూస్తాడు. వాళ్లు నవ్వుతారు. ఒకాయన టీ గ్లాసు పట్టుకుని మరీ లేచి వచ్చి, నన్ను కింది నుంచి పైదాకా చూసి వెళ్లాడు.

చదవడం అయ్యాక అడిగాడు. "ఏ సంఘం అమ్మా నువ్వు? ఎవరు రాసిచ్చిండ్రు ఇది?"

నేనే రాసుకున్నానని చెప్పాను.

"రీయింబర్స్‌మెంట్ ఉందా నీకు?"

ఉందన్నాను.

"మరి నీ ఫీజు సర్కారు కడుతుంటే లెక్కలు అడగనీకి నువ్వెవరు? నీ ఇంట్లకెల్లి తెచ్చినవా పైసలు?"

ఆ మాటకు గదిలో మళ్లీ నవ్వులు. చెవులు వేడెక్కిపోయాయి. గొంతు వణికింది కానీ మాట్లాడాను. సెక్షన్ 6(2) ప్రకారం కారణం చెప్పాల్సిన అవసరం నాకు లేదన్నాను. రీయింబర్స్‌మెంట్ కూడా ప్రజల డబ్బే కదా సార్ అన్నాను. ఆయన జవాబివ్వలేదు. దరఖాస్తు వెనక్కి తీసుకుంటున్నట్టు రాసిచ్చి పొమ్మని ఒక తెల్లకాగితం నా వైపు తోశాడు. నేను దాన్ని ముట్టుకోలేదు.

బయటికి వచ్చి మెట్ల మీద కూర్చున్నాను. ఏడుపు రాలేదని చెప్పను. అదే గదిలోకి రోజూ ఎంతమంది వెళ్తుంటారు? టీసీ కోసం, మెమో కోసం, రీయింబర్స్‌మెంట్ బకాయి పడితే సర్టిఫికెట్లు ఆపవద్దని బతిమాలుకోవడానికి. ప్రభుత్వం కట్టాల్సినది కట్టకపోతే ముందు మీరు కట్టి తీసుకుపోండి అంటారు. వాళ్లలో చాలామంది మా ఊరి లాంటి ఊళ్ల నుంచి వచ్చినవాళ్లే. వాళ్లను నిలబెట్టి మాట్లాడే హక్కు ఈ అధికారులకు ఎవరిచ్చారు?

మేం క్లాసులో చదువుకున్నది అక్కడ గుర్తొచ్చింది. 1996లో రాజస్థాన్‌లోని బ్యావర్‌లో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ అనే కూలీల, రైతుల సంఘం ఆధ్వర్యంలో పల్లె జనం 40 రోజులు ధర్నా చేశారు. కూలి పనుల బిల్లులు, ఓచర్లు చూపించమని. 'హమారా పైసా, హమారా హిసాబ్' వాళ్ల నినాదం. అదే ఏడాది జస్టిస్ పి.బి. సావంత్ చైర్మన్‌గా ఉన్న ప్రెస్ కౌన్సిల్ సమాచార హక్కు బిల్లుకు ఒక ముసాయిదా తయారుచేసింది. 2005 చట్టం వెనక పత్రికలవాళ్ల చెయ్యి ఉంది. జర్నలిజం విద్యార్థులం మేమే దాన్ని వాడకపోతే ఇంకెవరు వాడతారు?

ఆ సాయంత్రం మా హెచ్‌ఓడీ సార్ పిలిచారు. మంచి మనిషి. "ఈసారికి వదిలెయ్ అమ్మా. నా ఇండెంట్లు ఇంకా వాళ్ల బల్ల మీదే ఉన్నాయి" అన్నారు. ఆయన మీద నాకు కోపం లేదు. డిపార్ట్‌మెంట్ హెడ్ తన విద్యార్థుల ఫీజు తాను వాడుకోవడానికి ఇంకొక ఆఫీసు దయ కోసం ఎదురుచూడాల్సి రావడం మాత్రం నాకు మింగుడుపడలేదు. వదలనని మర్యాదగానే చెప్పాను.

30 రోజులు గడిచాయి, జవాబు లేదు. గడువులో ఇవ్వకపోతే నిరాకరించినట్టే లెక్క. వెంటనే సెక్షన్ 19(1) కింద మొదటి అప్పీలు వేశాను, దీనికి ఫీజు కూడా లేదు. సెక్షన్ 20 ప్రకారం రోజుకు 250 రూపాయల చొప్పున 25,000 దాకా అధికారి సొంత జేబులోంచి జరిమానా పడొచ్చని అందులో రాశాను. ఆ వాక్యం బాగా పనిచేసింది. మా బ్యాచ్‌లో ఇంతదూరం వచ్చింది నేనొక్కదాన్నే, ఈ మాట గర్వంగానే చెప్పుకుంటాను.

హియరింగ్‌లో అప్పిలేట్ అధికారి కుర్చీ చూపించి కూర్చోమన్నారు. నకళ్లకు పేజీకి రెండు రూపాయలు కట్టాలని ఆఫీసు వాళ్లు అడ్డం తగిలారు. గడువు దాటితే సెక్షన్ 7(6) ప్రకారం ఉచితంగా ఇవ్వాలని నేను చూపించాను. ఆయన చదివి, ఇచ్చేయండన్నారు.

కాగితాల్లో తేలింది ఇది. మేం కట్టిన ఫీజు ఏ పద్దు కిందదైనా ముందు యూనివర్సిటీ జనరల్ ఖాతాలోకి వెళ్తుంది. అక్కడినుంచి డిపార్ట్‌మెంట్ ఇండెంట్ పెట్టుకుంటేనే ఏదైనా బయటికి వస్తుంది. ల్యాబ్ జర్నల్ అచ్చుకు మా సార్ పెట్టిన ఇండెంట్లు రెండేళ్లూ ఒకే ముక్కతో వెనక్కొచ్చాయి: 'నిధుల లభ్యతను బట్టి'. నిధులు వచ్చినట్టు చూపే వసూలు పట్టిక అదే కట్టలో, నాలుగు పేజీల కింద ఉంది. గెస్ట్ ఫ్యాకల్టీ బిల్లులు కూడా నెలల తరబడి 'పరిశీలనలో' ఉన్నాయి. బస్ పాస్ అయిపోయిందని ఎడిటింగ్ మేడమ్ ఒకరోజు ఆలస్యంగా వచ్చి మాకు సారీ చెప్పారు. ఆ పేజీ చూస్తే ఆ రోజే గుర్తొచ్చింది.

జూనియర్లకు రెండు మాటలు. ఇన్‌వార్డ్ నంబరు లేకుండా కౌంటర్ వదలొద్దు. తీసుకోకపోతే స్పీడ్ పోస్టులో పంపండి. ఆఫీసుకు రమ్మంటే రాతపూర్వకంగా అడగమనండి, ఒంటరిగా వెళ్లొద్దు. ఫీజు రసీదులు ఒక్కటి కూడా పారేయొద్దు. మన రసీదు మీద పద్దు పేరు లేకపోతే అడగడానికి ఆధారమే ఉండదు. సంఘాల నాయకుల్ని నమ్ముకోవద్దని కూడా చెబుతాను. నా దరఖాస్తు సంగతి విని భుజం తట్టిన ఒక్కరూ హియరింగ్ రోజు కనపడలేదు.

అప్పీలు ఉత్తర్వు తర్వాత ఒక సంచిక అచ్చుకు అనుమతి వచ్చింది. జూనియర్లు పేజీలు పెడుతున్నారు, నా కథనం కూడా ఒకటి తీసుకున్నారు. 'డెవలప్‌మెంట్ ఫీజు' పద్దుకు మాత్రం ఇంకా లెక్క ఇవ్వలేదు. రెండో అప్పీలుకు 90 రోజుల గడువుంది. సమాచార కమిషన్‌కు వెళ్లాల్సిన కాగితాలు సిద్ధం చేశాను, సోమవారం పోస్టులో వేస్తున్నాను.