ఇంటరాక్షన్ పరికల్పనను కమిటీ ముందు నిలబెట్టడం: నా అనుభవం

హాస్టళ్లలో ఉండి జేఈఈ, నీట్‌కి చదివే ఇంటర్ విద్యార్థుల మీద నా పీహెచ్‌డీ. ఒత్తిడి పెరిగితే డిప్రెషన్ లక్షణాలు పెరుగుతాయి, కానీ తమకు ఆసరా ఉందని నమ్మే పిల్లల్లో ఆ పెరుగుదల తక్కువగా ఉంటుందన్నది నా పరికల్పన. డాక్టోరల్ కమిటీలో ఒక మేడమ్ సూటిగా అడిగారు: "ఒత్తిడి చేటు, ఆసరా మేలు. ఒప్పుకుంటాను. కానీ ఒకటి ఇంకోదాని ప్రభావాన్ని ఎందుకు మారుస్తుందమ్మా?"

అసలు పని అక్కడ మొదలైంది. ఒత్తిడి మీద పది పేపర్లు, ఆసరా మీద పది పేపర్లు చూపిస్తే ఇంటరాక్షన్, అంటే ఒకటి ఇంకోదాని ప్రభావాన్ని మార్చడం, రుజువు కాదు. ఆసరా అందరికీ ఒకే మేర మేలు చేస్తే గ్రాఫ్‌లో ఆసరా ఎక్కువున్నవాళ్ల గీతా, తక్కువున్నవాళ్ల గీతా సమాంతరంగానే పోతాయి.

నాకు దారి చూపింది ఒత్తిడి, ఆసరాల మీది పరిశోధనలపై మనస్తత్వ శాస్త్రవేత్తలు కోహెన్, విల్స్ 1985లో రాసిన సమీక్ష. నలుగురితో కలిసిమెలిసి ఉండటాన్ని కొలిస్తే, ఒత్తిడి ఉన్నా లేకున్నా మేలు కనిపిస్తుంది. అవసరానికి తగిన సాయం దొరుకుతుందన్న నమ్మకాన్ని కొలిస్తే, ఒత్తిడిలో ఉన్నవాళ్లకే ఎక్కువ మేలు కనిపిస్తుంది. ఎందుకంటే ఆ నమ్మకం పనిచేసేది కష్టాన్ని అంచనా వేసుకునే చోట. టెస్టులో ర్యాంకు పడిపోయినప్పుడు "ఇక నా పని అయిపోయింది" అనుకోవడానికీ, "ఫలానావాళ్లకి చెప్పుకుంటాను" అనుకోవడానికీ తేడా అక్కడే వస్తుంది. కష్టమే లేనప్పుడు ఆ నమ్మకానికి పెద్దగా పని ఉండదు. కాబట్టి తక్కువ ఒత్తిడి దగ్గర గీతలు దగ్గరగా, ఎక్కువ ఒత్తిడి దగ్గర దూరంగా ఉండాలి. గ్రాఫ్ గీసి ప్రతిపాదనలో పెట్టాను.

ఇంతకన్నా కష్టమైన ప్రశ్న మా గైడ్ సార్ వేశారు. ఒత్తిడి ఇంటి నుంచే వస్తుంటే? ఫోన్ చేసి ముందు మార్కులడిగే నాన్న ఆసరానా, ఒత్తిడా? నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది ఇదే. తమకు ఎంత ఆసరా ఉందని నమ్ముతున్నారో కొలవడానికి నేను వాడిన జిమెట్ స్కేలులో 12 ప్రశ్నలు. కుటుంబం, స్నేహితులు, ప్రత్యేక వ్యక్తి, ఒక్కోదానికి 4. అందుకే విడదీశాను. స్నేహితుల ఆసరా ఒత్తిడి దెబ్బను తగ్గిస్తుందని పరికల్పనగా రాశాను. కుటుంబానికి ఏ దిశా చెప్పలేదు.

తర్వాత శాంపిల్. ఇంటరాక్షన్ పరిమాణం ప్రధాన ప్రభావంలో (ఒత్తిడి లేదా ఆసరా విడిగా చూపే ప్రభావంలో) సగమే అయితే, అదే పవర్‌కి, అంటే ఉన్న ప్రభావాన్ని పట్టుకునే అవకాశం అంతే ఉండాలంటే, 16 రెట్ల శాంపిల్ కావచ్చని గణాంక శాస్త్రవేత్త ఆండ్రూ గెల్మన్ లెక్క. మా వనరులతో అంత కుదరదు. మరికొన్ని కాలేజీల అనుమతి తెచ్చుకుని, ఎంత చిన్న ప్రభావం వరకు పట్టుకోగలమో ప్రతిపాదనలోనే రాశాను.

కమిటీ ఆమోదించింది. డేటా సేకరణకు ముందే విశ్లేషణ ప్రణాళికను ఓఎస్‌ఎఫ్‌ (ఓపెన్ సైన్స్ ఫ్రేమ్‌వర్క్) అనే పరిశోధనల వెబ్‌సైట్‌లో నమోదు చేశాను: స్నేహితుల ఆసరా పరికల్పనగా, కుటుంబ ఆసరా అన్వేషణ ప్రశ్నగా.