బ్రిజిత్ లెకోర్దియే అనే చిన్నపిల్లాడు

2014లో మేం ఫ్రాన్సులోని తులూజ్ వచ్చేటప్పటికి మావాడికి మూడేళ్ళు. మాది కాకినాడ. పక్కనే ఉన్న యానాంలో 1954 దాకా ఫ్రెంచివాళ్ళే ఉన్నారని గొప్పలు పోవడమే గానీ, నాకు బోంజూర్, మెర్సీ తప్ప ఇంకో ముక్క రాదు. పొద్దున్నే ఈయన ఆఫీసుకి వెళ్ళిపోతే వాడూ నేనూ టీవీ ముందు కూర్చునేవాళ్ళం. నాకు ఫ్రెంచి నేర్పిన గురువుగారు ఊయీ-ఊయీ. ఎనిడ్ బ్లైటన్ ఇంగ్లీషులో రాసిన పిల్లల కథల్లో నాడీ (Noddy) అనే బొమ్మ ఉంది కదా, ఇతనే అతను. మాటమాటకీ తలాడిస్తాడు కాబట్టి ఫ్రెంచివాళ్ళు "అవునవును" అని పేరు పెట్టుకున్నారు. నీలం టోపీ, కొసన చిరుగంట, బుల్లి కారు. ప్రతి మాటా విడివిడిగా, పళ్ళెంలో పెట్టి ఇచ్చినట్టు పలికేవాడు. బేకరీలో నేను బగెత్ అడిగినప్పుడల్లా కౌంటర్లో అమ్మాయి నవ్వు ఎందుకు ఆపుకునేదో చాలా రోజులకి గానీ అర్థం కాలేదు. ముప్పైయేళ్ళ మనిషిని, అచ్చం ఆ బొమ్మ రాగంలో అడిగేదాన్ని!

తర్వాత నాకూ ఉద్యోగం వచ్చింది. ఒకరోజు భోజనాల దగ్గర ఈ సంగతి చెబితే, మా టీమ్‌లో నలభై దాటిన ఒకాయన ఫోర్కు కింద పెట్టేశాడు. "ఊయీ-ఊయీ కాదు, అది సంగోకు గొంతు!" అన్నాడు. డ్రాగన్ బాల్ అనే జపాన్ కార్టూన్ హీరో, మనం గోకు అనేవాడిని వాళ్ళు సంగోకు అంటారు. 1988 మార్చిలో టీఎఫ్1 చానెల్లో క్లబ్ దొరొతే అనే పిల్లల కార్యక్రమంలో డ్రాగన్ బాల్ మొదలైంది. బుధవారం బళ్ళకి సెలవు కాబట్టి, ఆ వయసు వాళ్ళందరికీ బుధవారం అంటే టీవీయే. పేర్ల అనువాదం గురించి ఆ సహోద్యోగి చెబుతుంటే నాకు పొలమారింది. లోకాన్ని గడగడలాడించే రాక్షసరాజు పికొలోకి ఫ్రెంచిలో పెట్టిన పేరు "సతాఁ పెతీ కర్", అంటే చిట్టి గుండె సైతాను. ఆ పేరు విని ఏ పిల్లాడు దడుచుకుంటాడండీ?

ఊయీ-ఊయీకీ, సంగోకుకీ పలికిన ఆ గొంతు బ్రిజిత్ లెకోర్దియే అనే డబ్బింగ్ నటి గారిది. 1961లో పుట్టారు. ఎక్కువగా చేసినవి మగపిల్లల గొంతులే. డ్రాగన్ బాల్‌లో ఆవిడ చిన్న సంగోకు. కథలో సంగోకు పెద్దవాడయ్యేసరికి ఆ పాత్ర పాత్రిక్ బోర్గ్ అనే నటుడికి వెళ్ళిపోయింది. ఆవిడకి సంగోకు కొడుకు సంగోహాన్‌ని ఇచ్చారు. వాడూ పెద్దవాడయ్యాడు. అప్పుడు రెండో కొడుకు సంగోతెన్. జపాన్‌లో అలా కాదు, మసాకో నొజావా అనే ఒక్కావిడే తండ్రికీ కొడుకులిద్దరికీ, చిన్నప్పుడూ పెద్దయ్యాకా కూడా గొంతిస్తారు. ఫ్రాన్సులో మాత్రం పిల్లాడికి మీసం మొలిచిన రోజున లెకోర్దియే గారి పని అయిపోయినట్టే. మళ్ళీ ఇంకో చంటాడి దగ్గర మొదలుపెట్టాలి. ఈ లెక్కన ఆవిడ తండ్రికి తల్లో, కొడుకులకి నాయనమ్మో నాకు తేలలేదు.

అసలు పిల్లలకి పిల్లలతోనే చెప్పించొచ్చు కదా అని అడిగితే, మా సహోద్యోగే చెప్పాడు. చిన్నపిల్లల్ని పనిలో పెట్టుకోవాలంటే ఇక్కడ ప్రభుత్వ అనుమతి కావాలి, గంటల మీద పరిమితి ఉంటుంది. పైగా సీరియల్ ఏళ్ళ తరబడి నడిస్తే మధ్యలో మగపిల్లాడి గొంతు మారిపోతుంది. ఆడవాళ్ళ గొంతుకి ఆ బెడద లేదు.

ఆ పని ఎలా ఉంటుందో మావాడికి పదేళ్ళప్పుడు కాస్త చూశాం. మా పేట లైబ్రరీలో ఒక శనివారం పిల్లలకి డబ్బింగ్ చూపించారు. బొమ్మ కింద ఒక పట్టీ, దాని మీద మాటలు కుడి నుంచి ఎడమకి జారుతుంటాయి. దాన్ని బాండ్ రిత్మో అంటారు. ఒకచోట నిలువు గీత కదలకుండా ఉంటుంది. మాట వచ్చి ఆ గీతని తాకినప్పుడు పలకాలి. ముందూ కాదు, వెనకా కాదు. లాగి పలకాల్సిన మాటని పట్టీ మీద కూడా సాగదీసి రాస్తారు, గబగబా అనాల్సినదాన్ని ఇరికించి రాస్తారు. ఒకప్పుడు దీన్ని సిరాతో పారదర్శకమైన ఫిల్ము మీద చేత్తోనే రాసేవారట, దానికోసమే చేతిరాత మనుషులు వేరే ఉండేవారట. ఇప్పుడు అంతా కంప్యూటరే.

నాకు నచ్చింది ఇంకోటి. బొమ్మ పెదాలు ఎక్కడ మూసుకుంటున్నాయో ముందే ఒకరు గుర్తులు పెట్టి పెడతారు. మాటలు రాసేవాళ్ళు ఆ గుర్తు కింద ప, బ, మ లాంటి అక్షరం పడేలా వాక్యం అల్లాలి. మన పద్యాల్లో పెదాలు కలవకుండా రాసే నిరోష్ఠ్యం ఉంది కదా, ఇది దానికి తిరగేసిన విద్య. నాకైతే అవధానం గుర్తొచ్చింది. మావాడు చూపుడువేలితో గాలిలో అక్షరాల్ని తోస్తూ రెండుసార్లు తప్పి, మూడోసారి "సే పా జూస్ట్!" అని సరిగ్గా గీత మీద అరిచాడు. అన్యాయం అని దాని అర్థం. ఇంట్లో రోజూ అనే మాటే కాబట్టి సులువైంది. నేను ప్రయత్నిస్తే నా మాట మొదలయ్యేసరికి బొమ్మ నోరు మూసుకుంది.

సంపాదన సంగతి అంత అందంగా ఏమీ లేదు. 1994 చివర్లో ఫ్రాన్సు డబ్బింగ్ కళాకారులు వారాల తరబడి సమ్మె చేశారు, తమ పని టీవీలో మళ్ళీ మళ్ళీ వేస్తున్నందుకు వాటా ఇమ్మని. ఇప్పుడు కృత్రిమ మేధ గొంతుల మీద "నా ఫ్రెంచి డబ్బింగ్ జోలికి రావద్దు" అని ఉద్యమం నడుపుతున్నారు. డ్రాగన్ బాల్‌లో బుల్మా అనే అమ్మాయి పాత్రకి చెప్పిన సెలీన్ మొన్సారా గారే జూలియా రాబర్ట్స్‌కి కూడా ఏళ్ళుగా ఫ్రెంచి గొంతు. ఇలా ఒకే గొంతు ఎందరికో పలకడంలో మనకేం తక్కువ లేదు. మా అమ్మ రోజారమణి గారి గొంతు వినగానే పట్టేసేది, తెర మీద ఎవరున్నా సరే. నేను మాత్రం ఆ హీరోయిన్లే అంత తియ్యగా మాట్లాడతారనుకునేదాన్ని.

2024లో డ్రాగన్ బాల్ డైమా వచ్చింది. అందులో మాయ వల్ల సంగోకు మళ్ళీ చిన్నపిల్లాడైపోతాడు. పాత్ర మళ్ళీ లెకోర్దియే గారికి వచ్చింది, అరవై దాటిన వయసులో. మావాడు సోఫాలో పడుకుని చూస్తుంటే నేను వంటింట్లో పప్పుకి తాలింపు వేస్తున్నాను. ఆ గొంతు వినబడగానే పాత అలవాటుకొద్దీ "నాన్నా, పాలు తాగావా?" అని అరిచాను.

"అమ్మా, అది టీవీ," అన్నాడు వాడు. ఆ అన్నది కూడా ఎవరో బొంగురు గొంతు మనిషిలా ఉంది. మొన్న ఆదివారం కాకినాడ నుంచి మా అత్తగారు ఫోన్ చేస్తే వాడే ఎత్తాడు. ఆవిడ వాళ్ళబ్బాయి అనుకుని, మోకాలి నొప్పికి డాక్టరు ఇచ్చిన మందుల సంగతంతా ఏకరువు పెట్టారు. వీడు ఊ కొడుతూ మొత్తం విని, చివర్లో "నాయనమ్మా, నేను," అన్నాడు.