జిబ్రాల్టర్ గుహల్లో ఒక తవ్వకాల సీజన్: నా అనుభవం

ఇంగ్లండ్‌లో ఆర్కియాలజీ మాస్టర్స్ చేస్తూ, పోయినేడు జిబ్రాల్టర్ గుహల తవ్వకంలో ఒక సీజన్ పనిచేశాను. అక్కడ పని ఎలా ఉంటుందో చెప్పమని మన జూనియర్లు అడుగుతున్నారు. ఫోన్‌లో ముక్కలు ముక్కలుగా చెప్పేకంటే ఒకచోట రాస్తే మేలనిపించింది.

జిబ్రాల్టర్ అంటే స్పెయిన్ దక్షిణపు కొసన నిలబడ్డ 426 మీటర్ల సున్నపురాయి కొండ. దాని తూర్పు పాదాన, సముద్రాన్ని ఆనుకుని గోరమ్స్, వాన్‌గార్డ్, హయీనా, బెన్నెట్స్ అనే నాలుగు గుహలున్నాయి. 2016లో యునెస్కో వీటిని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఇప్పుడు అలల చప్పుడు గుహలోకి వినిపిస్తుంది గానీ, నియాండర్తల్ మనుషులు (మనకు దగ్గరి బంధువులైన, వేల ఏళ్ళ కిందటే అంతరించిపోయిన మానవజాతి) ఇక్కడ మసిలిన కాలంలో సముద్రమట్టం బాగా తగ్గినప్పుడు తీరం నాలుగైదు కిలోమీటర్ల అవతల ఉండేది. గుహ ముందు ఇసుక దిబ్బలు, చెట్లు, మేసే జంతువులు. ఆ దిబ్బల ఇసుకే గాలికి ఎగిరొచ్చి గుహలను మీటర్ల ఎత్తున నింపింది. మేం తవ్వేది ఆ ఇసుకనే.

మొదట తాపీ ముట్టనివ్వలేదు. తలకు హెల్మెట్, రాళ్ళు రాలే చోట్ల గురించి జాగ్రత్తలు, తర్వాత జల్లెడ దగ్గర డ్యూటీ. చెయ్యి కుదిరిందనుకున్నాకే ఒక గడి అప్పగించారు. నేలంతా తాళ్ళతో మీటరు మీటరు గళ్ళుగా విభజించి ఉంటుంది. చిన్న తాపీతో గీకుతూ, బ్రష్‌తో ఊడుస్తూ ఒకటి రెండు సెంటీమీటర్లు దిగేసరికి పొద్దుపోతుంది. రంగు మారినా, తాపీ కింద ఇసుక గరుకు మారినా ఆగాలి. అక్కడ వేరే పొర మొదలై ఉండొచ్చు. ఎముక ముక్కో చెకుముకిరాతి పెచ్చో కనబడితే కదపకూడదు. చుట్టూ శుభ్రం చేసి, ఫొటో తీసి, టోటల్ స్టేషన్‌తో అది ఉన్న చోటును లోతుతో సహా నమోదు చేసి, నంబరు వేసిన కవరులో పెట్టాకే తర్వాతి గీత. మన దగ్గర రోడ్డు పనుల్లో సర్వేయర్లు మూడుకాళ్ళ స్టాండు మీద పెట్టి చూసే యంత్రమే ఈ టోటల్ స్టేషన్.

ఇంత తంతు ఎందుకో తెలియాలంటే ఫోర్బ్స్ క్వారీ పుర్రె సంగతి తెలియాలి. 1848లో ఇదే కొండ ఉత్తరం వైపు రాతి క్వారీలో ఒక పుర్రె బయటపడింది. నియాండర్తల్ అన్న పేరుకు మూలమైన ఎముకలు జర్మనీలోని నియాండర్ లోయలో దొరకడానికి ఎనిమిదేళ్ళ ముందు మాట. అది నియాండర్తల్ పుర్రె అని అప్పట్లో ఎవరూ గుర్తించలేదు. ఏ పొరలో ఉంది, పక్కన ఏమున్నాయి అన్నది రాసిపెట్టినవాళ్ళూ లేరు. ఇవాళ లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియంలో భద్రంగానే ఉంది, కానీ మనం అడగదలచిన సగం ప్రశ్నలకు దాని దగ్గర జవాబు లేదు. 1926లో ఇదే జిబ్రాల్టర్‌లో డెవిల్స్ టవర్ అనే చోట ఆర్కియాలజిస్టు డొరొతీ గారోడ్‌కు దొరికిన నియాండర్తల్ పిల్లవాడి పుర్రె అలా కాదు. ఏ పొరలో, ఏ రాతి పనిముట్ల మధ్య దొరికిందో ఆమె రికార్డు చేశారు. వస్తువు కంటే అది ఉన్న చోటే విలువైనదని నేను గట్టిగా నమ్మడం అక్కడే మొదలైంది.

వాన్‌గార్డ్ గుహలో ఇదివరకటి తవ్వకాల్లో బయటపడ్డ ఒక పొర గురించి ఎన్నిసార్లు చదివినా నాకు ఒళ్ళు జలదరిస్తుంది. నియాండర్తల్ మనుషులు ఆల్చిప్పలు ఏరి తెచ్చారు, నిప్పు సెగకు అవి నోరు తెరిచాక తిన్నారు, అక్కడే కూర్చుని రాయి చెక్కుకున్నారు, లేచి వెళ్ళిపోయారు. మీద ఇసుక కప్పేసింది. ఒక్క పూట భోజనం! చిప్పలు, పెచ్చులు, బూడిద ఎక్కడివక్కడ గుర్తించారు కాబట్టే ఇదంతా తెలిసింది.

నా గడిలో అలాంటిదేమీ రాలేదు. వచ్చినవాటిలో నాకు బాగా నచ్చింది దుమ్ములగొండి పెంట ఉండ. ఎముకలు నమిలి తినే జంతువు కాబట్టి అది తెల్లగా, గట్టిగా ఇన్ని వేల ఏళ్ళూ నిలిచింది. లోపల పుప్పొడి చిక్కుకుని ఉంటుంది, దాన్నిబట్టి అప్పుడు చుట్టూ ఏ చెట్లు ఉండేవో చెప్పొచ్చు.

కాలనిర్ణయానికి ఇసుక తీయడం ఇంకో అనుభవం. తవ్విన గోడలోకి లోహపు గొట్టం దిగ్గొట్టి, వెలుతురు తగలకుండా నల్లగా మూసేస్తారు. ఆ ఇసుక రేణువులు చివరిసారి ఎండ చూసి ఎంత కాలమైందో ల్యాబ్‌లో లెక్కగడతారు. ఎముక, బొగ్గు లాంటివాటిలో మిగిలిన రేడియోధార్మిక కార్బన్‌ను కొలిచే రేడియోకార్బన్ పద్ధతి సుమారు 50,000 ఏళ్ళ దాకే పనికొస్తుంది. అంతకంటే పాత పొరలకు ఇలాంటి పద్ధతులే దిక్కు.

సాయంత్రాలు జల్లెడలో మిగిలింది కడిగి, ఆరబెట్టి, బియ్యంలో రాళ్ళు ఏరినట్టు ట్వీజర్లతో ఏరడం. ఎలుక పళ్ళు, బల్లి దవడలు, చేప వెన్నుపూసలు. ఈ పని చాలామందికి విసుగు. నాకైతే తవ్వకం కంటే ఇదే ఇష్టం. ఏ పొరలో ఏ జాతి ఎలుకలున్నాయో చూస్తే అప్పటి చలి, తేమ అంచనాకు వస్తాయి.

మాది బేతంచెర్ల వైపు. అక్కడి బిల్లసర్గం గుహలను 1880లలోనే బ్రిటిష్ భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్, ఆయన కొడుకు తవ్వారు. భారతదేశంలో నియాండర్తల్ ఎముకలు ఇంతవరకు దొరకలేదు, అవి అక్కడ దొరుకుతాయన్న ఆశతో ఈ గుహల సంగతి ఎత్తడం లేదు. మా వైపు గుప్తనిధులంటూ రాత్రికి రాత్రి గుహల్లో, గుళ్ళ దగ్గర పలుగులు దింపుతారు. అలా కలిపేసిన పొరలను మళ్ళీ ఎవరూ విడదీయలేరు. నాకు కోపం వచ్చేది దీనికే.

వెళ్ళాలనుకునేవాళ్ళకు నా సలహా: టోటల్ స్టేషన్ పట్టడం ముందే నేర్చుకోండి, సివిల్ ఇంజనీరింగ్ చదివే స్నేహితులుంటే వాళ్ళే చూపిస్తారు. గ్రాఫ్ కాగితం మీద పొరల గోడను కొలతలతో గీయడం సాధన చేయండి. సీవీలో మార్కుల కంటే ఈ రెండూ ఎక్కువ పనికొస్తాయి. మోకాళ్ళకు మంచి ప్యాడ్లు కొనుక్కోండి, అక్కడ డబ్బు ఆదా చేయొద్దు.