నాకు పడని రంగు

హన్మకొండలో పార్లర్ పనికి చేరిన కొత్తలోనే వేళ్ల సందుల్లో దురద మొదలైంది. రోజంతా షాంపూ నీళ్లు, ఆపైన డై. "ఈ పనిలో అందరికీ ఉండేదే" అంటూ మేడమ్ ఓ ట్యూబు చేతిలో పెట్టేది. మందుల షాపులో చీటీ లేకుండా దొరికే స్టెరాయిడ్ క్రీమ్. రాస్తే తగ్గేది, మానితే రెట్టింపయ్యేది. చర్మం ఉల్లిపొరలా పలచబడింది.

మాఘమాసం పెళ్లిళ్ల ముందు కొత్త షేడ్ వచ్చింది. కస్టమర్లకు చూపించాలని మేడమ్ నా జుట్టుకే వేయించింది. మర్నాడు సాయంత్రానికి నుదురు, చెవుల వెనక మంట. రాత్రికి కనురెప్పలు అతుక్కుపోయాయి, వేళ్లతో విడదీసినా రాలేదు. ముఖమంతా రసి. అత్తమ్మ "అమ్మవారు పోసింది, దవాఖానకు పోవద్దు" అని పక్క మీద వేపమండలు పరిచింది. గొంతు కూడా వాస్తే ఊపిరెలా? చూపు పోయిందా? పక్క గదిలో పాప ఏడుస్తుంటే లేచి వెళ్లలేక ఆ చీకట్లోనే పడి ఉన్నాను. తెల్లవారుజామున మా ఆయన తల్లి మాట కాదని ఆటో తెచ్చాడు. ఆ ఒక్క పనితో ఆయన మీది నా కోపాలన్నీ మాఫీ.

సూదులు, మాత్రలు, వాపు దిగింది. తర్వాత చర్మం డాక్టరమ్మ, నాకు పడనిదేదో తేల్చడానికి రకరకాల రసాయనాలున్న ప్యాచ్‌లు వీపుకు అంటించి 48 గంటలకు తీసి చూసింది, 96 గంటలకు మళ్లీ చూసింది. ఒక్కచోట ఎర్రగా పొంగింది: పారాఫినైలిన్ డయామిన్. చాలా నల్ల డైల్లో ఉండేది అదే. ఒకసారి పడకపోతే ఇక జన్మలో పడదట. నల్ల మెహందీ కోన్లలోనూ కలుపుతారట. చెట్టు గోరింటాకుతో ఆ భయం లేదు.

మేడమ్‌కు చెబితే ఏమందో తెలుసా? "లోపం నీ ఒంట్లోనే ఉంది. నా రంగు ఎందరికి వేయలేదు?" గ్లౌజులేసుకుంటే జుట్టు లాగుతుందని కస్టమర్లు విసుక్కుంటారని వద్దన్నది ఆమే!

అత్తమ్మ భద్రకాళికి మొక్కుకుందట. వెళ్లి చీర పెట్టి వచ్చాం. మాత్రలకెవరు మొక్కుతారు?

ఈ పనిలో ఉన్న చెల్లెళ్లూ, నైట్రైల్ (ఒక రకం కృత్రిమ రబ్బరు) గ్లౌజులు అడగండి, పలచటి మామూలు రబ్బరువి రంగును అంత బాగా ఆపవు. డై కడిగేటప్పుడూ తీయకండి. వాడినవి తిరగేసి మళ్లీ తొడగకండి. కటింగ్ ఉంటే రంగుకు ముందే చేసేయండి.

ఇప్పుడు నేను ఇంట్లోనే త్రెడింగ్, పెళ్లికూతుళ్ల అలంకారం చేస్తున్నాను. నా స్థానంలో చేరిన పిల్లకు ఓ గ్లౌజుల డబ్బా కొనిచ్చాను. మేడమ్ దాన్ని బీరువాలో పెట్టి తాళం వేసిందట.